మాట వెనకబడిన మనిషి

పెళ్లయి నలభై ఒక్క రోజులైంది. మైథిలి ఇంకా రోజులు లెక్కపెడుతూనే ఉంది. తణుకులో, పాత బస్టాండు వెనక సందులో ఉన్న భర్త కిరీటి కొట్టుకి మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా క్యారేజీ పట్టుకెళ్లడం ఆమెకి ఈ లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన పని. అత్తగారు రాజ్యలక్ష్మి "వాడే వచ్చి తింటాడు కదమ్మా, ఎండలో నువ్వెందుకు" అంటూనే ఉండేది. "నడిస్తే ఒంటికి మంచిదంట అత్తయ్యా" అంటూ మైథిలి చెప్పులేసుకుంటూనే ఉండేది. పైగిన్నెలో ఏముందో కిరీటి మూత తియ్యకుండా వాసన చూసి చెప్పెయ్యడం, తిన్నాక ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకోబోయి తిట్లు తినడం, అన్నీ ఆమెకి పండగలే.

కొట్టు పేరు స్వరదీపం డిజిటల్స్. పాత పెళ్లి క్యాసెట్లని పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించడం కిరీటి పని. ముప్పై ఏళ్లు అటకల మీద పడున్న టేపులు ఎండకి సాగి, వానకి బూజు పట్టి ఉంటాయి. వాటిని కంప్యూటర్లోకి మార్చేసరికి బొమ్మ ఒక దారిన, ధ్వని ఇంకో దారిన పోతాయి. మొదట్లో తేడా తెలియదు. టేపు చివరికొచ్చేసరికి పెదవి ఇప్పుడు కదిలితే మాట ఎప్పుడో వస్తుంది.

ఆ రోజు ఆమె వెళ్లేసరికి వేల్పూరు నుంచి వచ్చిన వీర్రాజు అనే ఆయన కౌంటరు మీద మోచేతులు ఆన్చి నిలబడి ఉన్నాడు.

"చూడు బాబూ, ఇది మా చెల్లి అప్పగింతలు. మా నాన్న గుండెలవిసేలా ఏడుస్తన్నాడా? ఎనకాల అందరూ పకపకా నవ్వుతన్నారు. బిందెలో ఉంగరం ఆటప్పటి నవ్వులంట అవి, ఇక్కడొచ్చి పడ్డాయి. చూసినోళ్లు ఏవనుకుంటారండి? పిల్ల పోతంటే పీడా పోయిందని సంబరపడినట్టుంది."

"ధ్వని నిమిషన్నర వెనకబడిందండి. రేపటికి సరిచేసి ఇస్తాను," అన్నాడు కిరీటి.

ఆయన వెళ్లాక మైథిలి స్టూలు లాక్కుని తెర ముందు కూర్చుంది. ఇలాంటి టేపుల్ని వీడియో కొట్లవాళ్లందరూ ఒకే పద్ధతిలో సరిచేస్తారు. ఏ పెళ్లిలోనైనా ఒక క్షణం ఉంటుంది. పురోహితుడు చెయ్యి ఎత్తుతాడు, జీలకర్రా బెల్లం నడినెత్తిన పడుతుంది, గట్టిమేళం మోగుతుంది. ఆ చప్పుడుని ఆ చేతికి పట్టి కట్టేసి, అక్కడి నుంచి ముందుకీ వెనక్కీ సర్దుకుంటూ పోతారు. ఒక్కో టేపుకి ఒక పూట పడుతుంది.

"ఇంక ఆ బాధ లేదు," అన్నాడు కిరీటి. మూడేళ్లుగా రాస్తున్న ప్రోగ్రాముని తెరిచాడు. దాని పేరు జంట. "ఇది ప్రతి ఫైలునీ ఒక్కటే అడుగుతుంది, నీలో ఈ క్షణం ఎక్కడుంది అని. దాని చుట్టూ మిగతాదంతా లాగి కూర్చోబెడుతుంది. కాకపోతే దానికి నమూనాగా బొమ్మా ధ్వనీ వెంట్రుకవాసి కూడా తేడా లేని క్షణం ఒకటి కావాలి. చప్పట్లు పెట్టాను, గంట పెట్టాను, కొబ్బరికాయ కొట్టి పెట్టాను. ఏదీ పనిచెయ్యలేదు. మొన్న మన ముహూర్తం పెట్టాను."

"పనిచేసిందా?"

"నువ్వే చూడు."

మీట నొక్కాడు. వీర్రాజు వాళ్ల నాన్న ఏడుపు ఆయన నోట్లోంచే వచ్చింది. చెల్లెలి వెక్కిళ్లు చెల్లెలివి అయ్యాయి. మొత్తం అర నిమిషం పట్టింది. ఫైలంతా తిరగరాసే పని లేదని, అందులో చిన్న గుర్తు ఒకటి పెడితే ఆడించినప్పుడల్లా దానికదే సర్దుకుంటుందని కిరీటి చెబుతుంటే మైథిలి సగమే వింది.

"అయితే ఊళ్లో పెళ్లిళ్లన్నీ మన పెళ్లిని చూసి సర్దుకుంటున్నాయన్నమాట," అంది. ఆ మాట అనుకుంటూ, దారి పొడుగునా తనలో తను నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

పది రోజుల తర్వాత ఒక ఆదివారం పొద్దున్న మైథిలి వేసిన పెసరట్టు మూడు ముక్కలుగా చిరిగి పళ్లెంలో పడింది. కిరీటి భుజాలు కదిలేలా నవ్వాడు. పళ్లు కనిపించాయి, కళ్లు చిన్నవయ్యాయి. నవ్వు చప్పుడు మాత్రం ఒక రెప్పపాటు ఆగి వచ్చింది.

ఆమెకి అది ముద్దొచ్చింది. మళ్లీ నవ్వించింది. మళ్లీ అంతే. "మీ నవ్వు లిఫ్టు దిగి వస్తోందండి," అంది. కొత్త కాపురంలో ప్రతిదీ వింతే కాబట్టి ఇది కూడా తన భర్తకే ఉన్న వింత అనుకుంది. కిరీటికి మాత్రం తన మాట తనకి సరిగ్గానే వినిపించేది. ఆమె ఆటపట్టిస్తోందనుకున్నాడు.

వారం తిరిగేసరికి రాజ్యలక్ష్మి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చింది. "నాకు చెవుడొస్తోందనుకున్నానే అమ్మాయ్. వీడు మాట్లాడితే దూరంగా బట్టలుతుకుతున్నట్టు ఉంటోంది. చెయ్యి పడ్డాక చప్పుడొస్తోంది. డాక్టరేమో లక్షణంగా ఉన్నాయి పొమ్మన్నాడు."

అయితే ఇది తన ఒక్కదానికే వినిపించే వింత కాదన్నమాట, అనుకుంది మైథిలి.

మర్నాడు మధ్యాహ్నం కొట్టులో ఫోను కెమెరా అతని వైపు పట్టి, "ఏదన్నా మాట్లాడండి," అంది.

"ఏం మాట్లాడను? దొండకాయ వేపుడు బాగుంది. ఉప్పు తక్కువైంది. చెబితే అలుగుతావు."

తీసిన వీడియో అతనికి చూపించింది. పెదవులు ఉప్పు దగ్గరికి వెళ్లాక దొండకాయ వినిపించింది. కిరీటి రెండుసార్లు ఆడించి చూశాడు. "ఫోనులో లోపం," అన్నాడు, కానీ గొంతులో నమ్మకం లేదు. వీడియోని కంప్యూటర్లోకి ఎక్కించి కొలిచాడు. రెండు సెకన్లు. అలవాటు కొద్దీ జంట మీట నొక్కాడు. తెర మీద దొండకాయా పెదవులూ ఇట్టే కలిసిపోయాయి.

"చూశావా, సరిపోయింది," అన్నాయి కిరీటి పెదవులు.

మైథిలి ఎదురుచూసింది. గోడ గడియారం ఒకటి, రెండు, మూడు, నాలుగు కొట్టుకుంది. అప్పుడు వచ్చింది మాట.

ఆమె ఏదో అనబోయి, కుడిచేత్తో నోరు మూసుకుంది. చెయ్యి నోటి మీద ఆగిపోయాక నాలుగు సెకన్లకి గాజులు గలగలమన్నాయి.

ఎడం చెయ్యి ఊపి చూసింది. వెంటనే మోగాయి. కుడి చెయ్యి ఊపింది. మోగలేదు. తర్వాత మోగాయి. తన ఒంట్లో ఆ ఒక్క చెయ్యి మాత్రం వేరే ఎవరిదో అయినట్టు దాన్ని ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

"ఆ నమూనా ఒకసారి చూపించండి," అంది.

రెండు సెకన్ల ముక్క అది. కెమెరా పెళ్లికొడుకు వైపు ఉంది. కిరీటి ముఖం, తలపాగా, కళ్లలో భయం లాంటి సంతోషం. ఎదురుగా అడ్డుతెర. తెర వెనక మైథిలి కనిపించదు. తెర పైనుంచి వచ్చి అతని నెత్తి మీద తమలపాకు అదిమిన ఆమె కుడిచెయ్యి, దానికున్న గాజులు మాత్రం కనిపిస్తున్నాయి. గట్టిమేళం.

మైథిలి ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివింది. చదివినదంతా ఆ నిమిషంలో చల్లగా, వరసగా గుర్తొచ్చింది. "మీరు ఆ టేపుల్లో తేడా తీసేస్తున్నారు. తీసేసింది ఎక్కడికి పోతుంది? ఫ్రిజ్ లోపల చల్లబడితే దాని వెనక వేడెక్కుతుంది కదా. ఊరందరి ఫ్రిజ్‌లకీ వెనకవైపు మీరే. ఒక్కో టేపు నుంచి వచ్చేది పిసరంతే, ఇందాక మీ బొమ్మనే సరిచేశారు కాబట్టి మొత్తం మీ మీదే పడింది. ఈ ముక్కలో కనిపించేదంతా వెనకబడుతోంది. నా చెయ్యి కూడా."

కిరీటి ఏదో అన్నాడు. ఆమె ఎదురుచూసింది.

"నీ మొహం కనిపించనందుకు బతికావు," అని వినిపించింది.

వెంటనే ఆ ముక్కని చెరిపేశారు. దాంతో కిరీటి గొంతు బొత్తిగా పోయింది. నాలుగు సెకన్లకీ రాలేదు, నాలుగు గంటలకీ రాలేదు. అడుగుల చప్పుడు లేదు, దగ్గు లేదు, గ్లాసు కింద పెడితే చప్పుడు లేదు. ఇంట్లో బొమ్మ తిరుగుతున్నట్టు తిరిగాడు. రాజ్యలక్ష్మి భయపడి కొడుకు చెయ్యి వదలకుండా పట్టుకు కూర్చుంది. మర్నాడు ముక్కని తిరిగి తెచ్చి పెట్టాకే గొంతు వచ్చింది. ఆ ఒక్క రోజు అన్న మాటలు మాత్రం ఇంక ఎప్పటికీ రాలేదు.

చెరపడం కుదరదు. కొత్త నమూనా పెట్టినా పాతది వదలదు. జంటని వాడడం మానేస్తే ఇక పెరగదనుకున్నారు. కానీ అప్పటికే, చుట్టాల కోసం తీసిన కాపీలతో కలిపి, ఆరువందల పెన్‌డ్రైవులు ఊళ్లమీదకి వెళ్లిపోయాయి. ఎక్కడో ఒక టీవీలో ఎవరిదో పెళ్లి ఆడిన ప్రతిసారీ ఆ తేడా వచ్చి కిరీటి మీద పడుతోంది.

కూరల మార్కెట్టు దగ్గర ఒక రోజు ఇద్దరూ నడుస్తున్నారు. అతని పెదవులు చూసి మాట చెప్పెయ్యడం అప్పటికి మైథిలికి ఒక ఆటైంది. నాలుగడుగులు ముందు వెళ్లి వెనక్కి తిరిగి చూసేసరికి కిరీటి నోరు పెద్దగా తెరిచి చేతులు ఊపుతున్నాడు. ఏదో వేళాకోళమనుకుని తనూ చేతులు ఊపింది. వెనక్కొస్తున్న ఇటుకల ట్రాక్టరు తొట్టి ఆమె భుజానికి తగిలింది. రోడ్డు మీద పడి, జనం లేపి కూర్చోబెట్టాక, కిరీటి అప్పటికే ఆమె పక్కన మోకాళ్ల మీద ఉన్నాక, అతను ఇందాక నిలబడ్డ ఖాళీ చోటు నుంచి కేక వచ్చింది. "పక్కకి రా మైథిలీ, పక్కకి."

జనమంతా ఆ ఖాళీ చోటు వైపు చూశారు.

ఎడం చేతికి కట్టు పడింది. ఆ తర్వాత కిరీటి మాట్లాడడం మానేశాడు. పలక ఒకటి కొనుక్కుని దాని మీద రాసేవాడు.

"మాట్లాడండి," అని బతిమాలింది. "ఎప్పుడొస్తే అప్పుడే వింటాను."

అతను మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టాడు. ఒక రకంగా ఆ రోజులే బాగున్నాయని మైథిలి ఎవరికీ చెప్పలేదు. ఎక్కడ అన్న మాట అక్కడే వచ్చేది. అతను కాఫీ తాగి కొట్టుకి వెళ్లిపోయాక, ఖాళీ వంటింట్లో స్టవ్ పక్కన గాలి "కాఫీ అదిరింది" అనేది. ఆమె గిన్నె తోముతూ "సర్లెండి" అనేది. అద్దం ముందు "ఈ చీర కట్టుకో" అని వినిపించేది, ఆమె అప్పటికే వేరే చీర కట్టుకుని ఉండేది. మూడు నిమిషాలు, నాలుగు, ఆరు. శ్రావణమాసం వచ్చింది. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ చుట్టాలు, ప్రతి టీవీలోనూ పాత పెళ్లిళ్లు. తొమ్మిది నిమిషాలు.

ఒక రోజు మంచం మీద కూర్చుని ఉంటే పక్కనుంచి, ఎవరూ లేని చోటు నుంచి, "మైథిలీ, భయమేస్తోంది" అని వచ్చింది. తను ఉన్నప్పుడు అతను ఆ మాట ఎప్పుడూ అనలేదు. తను గదిలోంచి వెళ్లాక అన్నాడన్నమాట. దానికి ఏం చెప్పినా వినడానికి అతను అక్కడ లేడు. ఇది ఇలాగే పెరిగితే, ఈ రోజు అన్న మాట తనకి జుట్టు నెరిశాక వస్తుంది. ఈ మనిషి పక్కనే ఉంటాడు, ఇతన్ని వినడం మాత్రం ఇక ఉండదు.

పెన్‌డ్రైవులు వెనక్కి తెప్పిద్దామని ఫోన్లు చేసింది. మొదట వీర్రాజుకి.

"ఎందుకండీ? బేషుగ్గా ఉంది మరి," అన్నాడాయన. "మా నాన్న పోయి పన్నెండేళ్లయిందండి. ఆయన గొంతు ఆయన నోట్లోంచి ఇనపడతం మళ్లీ ఇదేనండి. మా అమ్మ పొద్దున్నే దీపం పెట్టి అదే ఏసుక్కూర్చుంటంది. ఆయన ఏడుస్తంటే ఊరుకో ఊరుకో అని టీవీతో చెప్తందండి. పనేదన్నా ఉందా అమ్మా?"

"ఏం లేదండి. బాగుందో లేదో కనుక్కుందామని," అంది మైథిలి. రెండో ఫోను చెయ్యలేదు.

ఆ మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని కొట్టుకి వెళ్లింది. కిరీటి తింటుంటే కంప్యూటరు ముందు కూర్చుని ఆ ముక్కని తెరిచింది. చెరపకుండా, మార్చకుండా, దాని చివర పట్టుకుని కుడివైపు మెల్లగా లాగి చూసింది. అది కదిలింది. ఒక సెకను పొడవైంది. ఆ ఒక్క సెకనులో అడ్డుతెర కిందికి జారింది. దాని వెనక నుంచి తన ముఖం బయటపడింది. బాసికం ఒక పక్కకి వాలి, బుగ్గన బెల్లం అంటుకుని, అతని వైపు చూస్తూ ఉంది.

కిరీటి చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చాడు.

"నేను ఆలోచించాను," అంది మైథిలి. "మీ మాట మీకు సరిగ్గా ఎందుకు వినిపిస్తోంది? మీరు అందులో ఉన్నారు కాబట్టి. ఒకే రైల్లో కూర్చున్నవాళ్లకి పక్కవాడు కదులుతున్నట్టు ఉండదు. నేనూ ఎక్కుతాను. తేడా చెరిసగం అవుతుంది. మన ఇద్దరి మధ్య ఏమీ ఉండదు."

అతని పెదవులు కదలడం మొదలయ్యాయి. అతను ఏమంటాడో ఆమెకి తెలుసు. అతన్ని వినాలంటే ఇప్పుడు చూడాలి. చూడకపోతే ఇంకో తొమ్మిది నిమిషాల దాకా అతను ఏమీ అనలేదన్నట్టే. మైథిలి ముఖం తెర వైపు తిప్పేసుకుంది. భుజం మీద ఎంగిలి చెయ్యి పడింది. మీట నొక్కింది.

ఏమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతోంది. రోడ్డు మీద ఎవరో హారను కొట్టారు.

"ఎంత పని చేశావే," అన్నాడు కిరీటి.

ఆమె తిరిగి చూసింది. అతని పెదవులు "చేశావే" దగ్గరే ఉన్నాయి. మాటా అక్కడే ఉంది.

"మళ్లీ అనండి."

"పిచ్చిదానా."

"ఇంకోసారి."

"పిచ్చిదానా, చీరంతా పులుసైంది చూడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వులు పళ్లతో పాటే వచ్చాయి. నోటికొచ్చినదంతా మాట్లాడుకున్నారు, ఒకరి మాట మీద ఒకరు పడి, మధ్యలో అందుకుని, పోట్లాడుకుని. కొంతసేపటికి, ఇందాక అతను నిలబడ్డ చోటు నుంచి, దారిలో ఉండిపోయిన పాత మాటలు వచ్చాయి. "వద్దు. వద్దు మైథిలీ. మీ అమ్మకి నీ గొంతు వినపడదు. వద్దు." అవి అయిపోయేదాకా ఇద్దరూ చేతులు పట్టుకుని ఊరుకున్నారు.

సాయంత్రం అమ్మ ఫోను చేసింది. మైథిలి గబగబా అన్నీ చెప్పింది. అమ్మ మాత్రం "హలో, హలో, ఎత్తి మాట్లాడదేంటీ పిల్ల" అని పెట్టేసింది. మళ్లీ చేసింది, మళ్లీ పెట్టేసింది. మూడోసారి ఏడుపు గొంతుతో "అలిగావా అమ్మా నా మీద" అంది. మైథిలి ఫోనుని చెంపకి ఆనించుకుని, వినపడదని తెలిసి కూడా, లేదమ్మా లేదమ్మా అంటూనే ఉంది. తర్వాత ఉత్తరంలా అంతా టైపు చేసి పంపింది. అయిదు నిమిషాలు లైనులో ఆగమంటే, ఏమీ వినపడని ఆ ఫోను పట్టుకు కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. అప్పటి నుంచి వాళ్లమ్మ పొడుగు పొడుగు మెసేజీలు రాస్తుంది. చివర ప్రతిసారీ, ఒక్కసారి నీ గొంతు వినాలనుంది, అని ఉంటుంది.

రాజ్యలక్ష్మి మాత్రం తన పద్ధతి తను కనిపెట్టుకుంది. పొద్దున్న పనులయ్యాక వీధి అరుగు మీద ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంటుంది. ఒళ్లో చిక్కుడుకాయల చేట. "ఎక్కడన్న మాట అక్కడే వస్తుంది కదర్రా. కదలకుండా కూర్చుని చెప్పండి. నాకేం తొందర లేదు." వాళ్లు చెప్పి ఊరుకుంటారు. ఆమె కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటుంది. నాలుగున్నర నిమిషాలకి తల ఊపుతుంది, లేదా కసురుతుంది, లేదా నవ్వుతుంది. ఆ నవ్వు కోసం మైథిలి రోజూ ఒక కబురు దాచుకుంటుంది.

ఈ రోజు చెప్పింది మంచిదే. కిరీటి నిద్రమత్తులో పళ్లపొడి అనుకుని పసుపు వేసుకుని తోముకున్న సంగతి, పచ్చటి పళ్లతో పాలవాడికి ఎదురెళ్లిన సంగతి. చెబుతూ తనే ఆపుకోలేక నవ్వింది. కిరీటి "అంత లేదమ్మా" అన్నాడు.

రాజ్యలక్ష్మి చేట సర్దుకుని కాయలు అందుకుంది. ఎదురింటి గోడ గడియారం కిటికీలోంచి కనిపిస్తోంది. మైథిలి దాన్నే చూస్తోంది. నాలుగున్నర నిమిషాలైంది. అయిదు అయింది. నిన్న అయిదుకే నవ్వింది. వీధి చివర ఏదో ఇంట్లో టీవీ పెట్టారు. సన్నాయి వినిపిస్తోంది, తర్వాత గట్టిమేళం.

ఆరు దాటింది. రాజ్యలక్ష్మి చేతిలో కాయ సగం ఒలిచి ఆగింది. నవ్వడానికి సిద్ధం చేసుకున్న ముఖంతో వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూస్తూ ఆమె అలాగే కూర్చుని ఉంది.